ఇస్త్రీపెట్టె కింది కాగితం

ఒట్టేసి చెబుతున్నాను... నాకు ఏ అమ్మవారూ పూనలేదు. మా అత్తమ్మ బాన్సువాడ ఊరంతా చెప్పే కథ అది. మా ఆయన చెప్పేది ఇంకొకటి: "నిద్రల కలగన్నది. గాలికి కాగితం తిరిగింది." చెప్పేదెవరు? ఆ రాత్రి మద్నూర్‌లో లారీ దొరక్క ఆగిపోయిన మనిషి! గదిలో ఉన్నది నేను. నా మాట వినండి.

ఎనభైల మొదట్లో సంగతి. మా తమ్ముడు రాజేందర్ తూర్పు కనుమల్లో ఘాట్ రోడ్డు పని మీద సర్వేయరు. కొండ ఎక్కడ జారిపడే ప్రమాదం ఉందో పటం గీయాలి. నాది జాగ్రఫీ డిగ్రీ, పైగా నా గీత వాడి గీత కంటే నయం. సెలవులో వచ్చి కాగితాలన్నీ నా ముందు పోశాడు. పద్ధతి తేలికే. పల్చటి ట్రేసింగ్ కాగితాలు మూడు. ఒకదాని మీద కొండ వాలు, ఒకదాని మీద వదులు మట్టి, ఇంకోదాని మీద నీళ్ల దారులు. రెండు స్టూళ్ల మీద గాజు పలక వేసి, మూడింటినీ దాని మీద పేర్చి, కింద లాంతరు పెడితే... మూడు మచ్చలూ కలిసిన చోటు నల్లగా తేలుతుంది. కొండ దిగేది అక్కడే. తెల్లగా ఉన్నచోట భయం లేదు.

"అక్కా, కూలోళ్ల గుడిసెలు ఏడ ఎయ్యాలె? మేస్త్రి నా పానం తీస్తుండు."

"గిదిగో, వాగు మలుపు కాడ తెల్లగున్న జాగ. ఆడ ఏసుకొని కాళ్లు జాపి పండుకోమను."

నేనే అన్నాను ఆ మాట. పూర్తయిన పటం తీసుకుని వాడు సోమవారం బస్సెక్కాడు. ఇంకో ప్రతి గీయడానికి ఆ మూడు కాగితాలూ నా దగ్గరే ఉంచాడు.

గురువారం రాత్రి. వాన. కరెంటు లేదు. కిటికీలన్నీ గడియ పెట్టాను. రెండో ప్రతి గీద్దామని గాజు పలక మీద కాగితాలు పేర్చి, కింద లాంతరు పెట్టాను. అవి చుట్టుకుపోకుండా పైన ఇత్తడి ఇస్త్రీపెట్టె పెట్టి, చాయ్ కోసం వంటింట్లోకి వెళ్లాను.

జలజల...

ఆగింది.

జలజలజల... కంకర జారుతున్నట్టు. బయట కాదు. గదిలో.

అత్తమ్మ మంచం మీంచే అరిచింది: "ఏందే, ఇంట్ల కంకర పోస్తున్నవా?"

విన్నారా? ఆమె కూడా విన్నది. ఇప్పుడు ఆ ముక్క ఎగ్గొట్టి అమ్మవారు అంటుంది!

వెళ్లి చూశాను. ఇస్త్రీపెట్టె పెట్టినచోటే ఉంది. దాని కింద మధ్య కాగితం... మట్టిది... తిరగబడి ఉంది. పిల్లి పని అనుకున్నాను. ఇస్త్రీపెట్టె ఎత్తే పిల్లి ఎక్కడుంటుంది? అదీ తోచలేదు. తిట్టుకుంటూ మళ్లీ నా పద్ధతిలో పేర్చి, పెట్టె పెట్టాను. రెండడుగులు వేశానో లేదో...

జలజల.

మెడ తిరగలేదు. నెమ్మదిగా... చాలా నెమ్మదిగా ఒళ్లంతా తిప్పాను. పెట్టె కదల్లేదు. కాగితం మళ్లీ తిరగబడింది. నల్లమచ్చ వాగు మలుపు మీద ఉంది.

"నేను పెట్టిందే కరెక్టు!" అన్నాను గట్టిగా. ఎవరితో అన్నానో!

పెట్టె దించి, పై కాగితం తీసి, గోటితో మట్టి కాగితం గీతల్ని తడిమాను. సిరా గరుకు పైవైపు ఉండాలి. ఉంది. అంటే... ఇదే సరైన వైపు. ఇన్నాళ్లూ నేను పెట్టిందే బోర్లా. ఆ కాగితం మీద ఊళ్ల పేర్లు ఇంకా రాయలేదు. మూలల్లో గుర్తులు ఎటు తిప్పినా కలుస్తాయి. చూసుకోలేదు.

గుడిసెలు...

చెప్పుల్లేకుండా పోస్టాఫీసుకు పరుగెత్తాను. పోస్టుమాస్టరు దాని వెనకే ఉంటాడు. తంతి కొట్టాలంటూ తలుపు బాదాను.

"అమ్మా, లైను సచ్చింది. గీ వానల నేనేం జేద్దు?"

"కొడుతనే ఉండుండ్రి సార్! ఆడ పిల్లజెల్ల పండుకున్నరు. మీ కాళ్లు మొక్కుత!"

ఎవరి కాళ్లూ మొక్కని దాన్ని. ఆయన ఇంకేం అడగకుండా దీపం వెలిగించాడు. కొడతాడు... వింటాడు... తల అడ్డంగా ఊపుతాడు. మళ్లీ కొడతాడు. నేను గడప మీద కూర్చుని వానను తిట్టాను, తమ్ముణ్ని తిట్టాను, చివరికి నన్నే తిట్టుకున్నాను. రాత్రంతా అంతే.

తెల్లవారాక తంతి పోయింది. పటం తప్పు, వాగు మలుపు ఖాళీ చెయ్యి, అక్క. అంతే రాయించాను. దాన్ని పట్టుకుని మనిషి కొండెక్కేసరికి మధ్యాహ్నం. రాజేందర్ గుడిసె గుడిసెకూ తిరిగి అందరినీ ఖాళీ చేయించాడు. చివరి గుడిసెలో ముసలి దంపతులు గిన్నెలు మూట కట్టుకుంటున్నారట... కొండ దిగింది.

అందరి ప్రాణాలూ కాపాడానని ఊళ్లో నన్ను పొగుడుతారు. అలా అన్నవాళ్లతో ఇప్పటికీ కొట్లాడతాను. అందరూ ఎవరు? ఆ ఇద్దరూ నేను చూపించిన తెల్లటి జాగాలోనే పోయారు.

తర్వాత గదంతా వెతికాను. ఒక్క రాయి లేదు. ఇసుక రేణువు కూడా లేదు. అదేమిటో నాకు తెలియదు. దయ్యమన్నా ఒప్పుకోను, దేవుడన్నా ఒప్పుకోను. ఒక్కటే అడగాలి దాన్ని. ఆదివారం రాత్రి రాజేందర్ ఇదే గదిలో, ఇవే కాగితాల పక్కన పడుకున్నాడు. పటం ఇంకా ఇల్లు దాటలేదు... ఆ రాత్రే ఎందుకు తిప్పలేదు?