పెట్టె ఫోటోల ఫ్రాన్సిస్

2023 జనవరి 21, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఆకాశం నిర్మలంగా ఉంది. సముద్రం మీద పలుచని మంచు, ఒంటికి హాయిగా తగిలే చలిగాలి. జాలరిపేట ఒడ్డుకు పడవలు అప్పుడే చేరుతున్నాయి. వాటికెదురుగా ఇసుకలో మోకాళ్లూని, తడిసిన మోకు మీద మెరుస్తున్న లేత ఎండను ఫోటో తీస్తున్న ఒక అరవయ్యేళ్ల మనిషితో ఆనాడు నాకు పరిచయమైంది. ఆయన పేరు ఫ్రాన్సిస్.

వృత్తి చెప్పుకోవడానికి ఆయన కాస్త సంకోచించాడు. ఇక్కడి క్రైస్తవ కుటుంబాలలో ఎవరైనా కన్నుమూస్తే, సమాధికి తీసుకువెళ్లే ముందు శవపేటిక చుట్టూ బంధువులందరూ నిలబడి ఫోటో తీయించుకోవడం ఆచారం. ముప్పయ్యేళ్లుగా ఆ ఫోటోలు తీసేది ఈయనే. అందుచేత తెలిసినవారంతా ఆయనను పెట్టె ఫోటోల ఫ్రాన్సిస్ అంటారు. పనిలేని ఉదయాలలో మాత్రం తన సంతోషం కోసం కెమెరాతో తీరం వెంట తిరుగుతాడు.

తీసినవి చూపించాడు. ఓడరేవు క్రేన్ల నడుమ ఇరుక్కున్న సూర్యుడు, పొలుసులంటిన చేతులు, బుట్ట అంచున వాలిన కాకి. నేను నిత్యం నడిచే దారిలోవే అవన్నీ. చూస్తుంటే మనసు తేలికపడింది. అయితే ఎక్కడా ఒక్క ముఖమైనా లేదు. కారణం అడిగాను. ఆయన కెమెరా ఎత్తితే ఆయుష్షు తగ్గుతుందని జనానికి భయమట. ఇంటావిడ గ్రేసీ సైతం పెళ్లయ్యాక ఒక్కసారీ దాని ముందు నిలబడలేదట. ఆమె నవ్వుతుండగా ఒక ఫోటో తీయాలన్నది ఆయన ఏకైక కోరిక.

అంతలో పడవ దిగుతున్న జాలరి సూరన్న వైపు కెమెరా తిరిగింది.

“బావా, దాన్ని అటేపు తిప్పు. నా పెట్టెకింకా కొలతలు తియ్యనేదు,” అన్నాడు సూరన్న.

అక్కడున్న ఆడవాళ్లు కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఫ్రాన్సిస్ కూడా నవ్వాడు గాని, కెమెరా దించేశాడు. అది చూసి చేపలమ్మే వరహాలమ్మకు జాలి కలిగింది కాబోలు, బుట్ట నడుముకెత్తుకుని ముందుకు వచ్చింది.

“నన్ను తియ్ బాబూ. ఇన్నేళ్లూ సముద్రం ఏటీ సెయ్యనేదు, ఈ డబ్బా ఏటి సేత్తాది? బుట్ట మాత్రం నిండుగా కనబడాల,” అన్నది.

ఫ్రాన్సిస్ కెమెరా ఎత్తాడు. ఎదుట మనిషి నిలబడేసరికి వృత్తి తాలూకు అలవాటు నోటికి వచ్చింది. తల కొంచెం వంచమన్నాడు. ఇంకా దగ్గరికి జరగమన్నాడు. ఎవరి దగ్గరికో తెలియక ఆమె బుట్టనే పొదివి పట్టుకుంది. చివరకు ఎంతో మృదువుగా, “నవ్వకండమ్మా. దేవుడే ఓదారుస్తాడు,” అన్నాడు.

వరహాలమ్మ తెల్లబోయింది. “ఎవులు పోనారని? ఈ సేపలా?” అన్నది.

ఆపై ఆమెకు నవ్వు ఆగలేదు. బుట్ట ఊగి చేపలు కొన్ని ఇసుకలో పడ్డాయి. సూరన్న పడవ అంచు పట్టుకుని కూలబడ్డాడు. తన మాట తనకే వినబడిన ఫ్రాన్సిస్ సిగ్గుతో ఎర్రబడ్డాడు. అయినా వేలు సరైన క్షణానే మీట నొక్కింది.

మరునాడు చర్చి నుంచి వస్తూ నన్ను తన ఇంటికి తీసుకువెళ్లాడు. ఉల్లిపాయలు తరుగుతున్న గ్రేసీ ముందు ఆ ఫోటో పెట్టి, జరిగినదంతా ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె చాలాసేపు వరహాలమ్మ ముఖాన్నే చూసింది. చేపల సంగతి తలచుకుని ఉండబట్టలేక నవ్వింది. మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

“సర్లే, నన్నూ తియ్యి. నువ్వు మాత్రం నోరిప్పకు,” అన్నది.

ఆయన నోరిప్పలేదు.

ఇది వ్రాస్తున్న 2025 మార్చి నాటికి వరహాలమ్మ జాలరిపేటలోనే చేపలమ్ముతున్నది. సూరన్న 2023 వేసవిలోనే ఇంటిల్లిపాదితో ఫ్రాన్సిస్ చేత ఫోటో తీయించుకున్నాడు. ఫ్రాన్సిస్ పాత వృత్తిని మానలేదు. పిలిచిన ఇంటికల్లా వెళుతున్నాడు. నవ్వుతున్న గ్రేసీ ఫోటో వారి ముందుగదిలో, కిటికీ పక్క గోడకు ఉన్నది.