మూడేళ్ళు నిండని జామచెట్టు

ఈ సంగతి ఇంతకు ముందు రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం వచ్చేది కాదు. యాభై దాటాక, తెలంగాణ వచ్చిన తరువాత, మా కాలనీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు చదువు చెబుతున్నారంటే మనవరాలి పలక పట్టుకుని వెళ్ళి కూర్చున్నాను. అంతవరకు బ్యాంకులోనైనా దవాఖానలోనైనా నాది బొటనవేలి ముద్రే. నోటితో చెప్పొచ్చు కదా అంటారేమో. రెండు మూడుసార్లు మొదలుపెట్టాను. సగంలోనే "ఒక్క జామచెట్టుకు గింత ముచ్చటనా?" అని నవ్వుతారు. నేనూ నవ్వి ఆపేసేదాన్ని.

మాది గోదావరిఖని. మా ఆయన భూగర్భ గనిలో పనిచేసేవాడు. నేను పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి జ్యోతినగర్ పోయి కరెంటు ఇంజనీర్ల క్వార్టర్లలో ఇంటిపని చేసేదాన్ని. అక్కడ ఒక ఏడాది బొంబాయి నుంచి బదిలీ మీద వచ్చిన వాళ్ళింట్లో పనికి కుదిరాను. సారు, మేడమ్, సారు వాళ్ళ అమ్మ. అంతే. సారు వాళ్ళమ్మను "ఆయీ" అని పిలిచేవాడు. నేనూ అలాగే పిలిచాను.

వాళ్ళు ఎవరో మాకు అంతుపట్టలేదు. మధ్యాహ్నం పనివాళ్ళమంతా గోడ నీడన టిఫిన్ డబ్బాలు విప్పితే ఇదే ముచ్చట.

"సాయిబులా?"

"కాదట. మసీదుకు పోరు."

"మరి కిరస్తానోళ్ళా?"

"చర్చికి గూడ పోరు. శనివారం ముసలామె పొయ్యి ముట్టియ్యదు."

"గదేం కులమే తల్లీ!"

చివరికి నేనే ఆయీని అడిగాను. ఆమెకు తెలుగు నేర్పింది నేనే కనుక ఆమెకు మా ఖని మాటే వచ్చింది. "యూదులం బిడ్డా. ఎన్కట ఓడ పగిలి కొంకణం ఒడ్డుకు కొట్టుకొచ్చినోళ్ళం. గానుగ తిప్పి నూనె తీసినోళ్ళం. శనివారం మా గానుగ బంద్" అంది. మా ఊళ్ళో గానుగ ఉండేది. నాకు అంతవరకు అర్థమైతే చాలు.

చలి తగ్గబోయే రోజుల్లో వచ్చే పున్నమికి వాళ్ళకు చెట్ల పండుగ. చెట్లకు ఆ రోజుతో కొత్త సంవత్సరమట. పళ్ళెంలో తీపి అటుకులు, కొబ్బరి కోరు, ఖర్జూరాలు, అయిదు రకాల పండ్లు పెట్టి ప్రార్థన చేసేవాళ్ళు. దాన్ని మలీద అన్నారు. మేము సద్దుల బతుకమ్మకు రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసే మలీద వేరు. అయినా ఆ పేరు విన్నాక నాకు ఆ ఇంట్లో కొత్త పోయింది.

ఆయీ ఆ పండుగకు చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్ళను పిలిచేది. థర్మకోల్ ప్లేటు గుమ్మం దాటనిచ్చేది కాదు. నేను మోదుగాకులు తెచ్చి విస్తర్లు కుట్టేదాన్ని. వచ్చినవాళ్ళందరికీ తలా ఒక మొక్క ఇచ్చేది. మళ్ళీ పండుగకు అది బతికే ఉందని చూపించాలి. చూపించనివాళ్ళకు విస్తరి వేస్తుంది కానీ మలీద పెట్టదు. ఒకసారి వెనకింటామె, తన మొక్కను మేక తినేస్తే, తులసికోటను చూపించబోయింది. "నిరుడు నీకిచ్చింది యాప" అని ఆయీ గిన్నె పట్టుకుని ముందుకు పోయింది.

ఆమె పట్టుదలకు మా ఎండలే కారణం. వచ్చిన మొదటి వేసవిలోనే, "భూమి కాగిపోతున్నది, బొంబాయిల మా ప్రార్థన ఇంట్ల పిల్లలు పండుగకు గిదే చెప్పుకుంట మొక్కలు పెడ్తున్నరు" అంది. సారుతో మరాఠీలో గొడవపడేది. నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆమే చెప్పేది. "నువ్వు బొగ్గు కాలుస్తవు, ఏడాదికో మొక్క నాటి చేతులు కడుక్కుంటవా?" అంటే, "నేను కాల్చకపోతే నీ ఫ్యాన్ తిరగదు" అన్నాడట కొడుకు. ఆమె రోషంగా లేచి ఫ్యాను ఆపేసి కూర్చుంది. పావుగంటకు ఇద్దరమూ చెమటతో తడిసిపోయాం. తనే లేచి స్విచ్చి వేసి, "ఆడు జూడలే గద?" అంది.

వాళ్ళు వచ్చాక మొదటి చెట్ల పండుగ నాడు ఆయీ పెరట్లో తన చేత్తో జామ మొక్క నాటింది. "డెబ్బై ఏండ్లొచ్చినయ్. మూడో అంతస్తుల ఒక్క అర్రల బతికిన. ఒక్క చెట్టు నాటలే" అంది. దాని కట్టడి కూడా అప్పుడే చెప్పింది. నాటిన చెట్టుకు మూడేళ్ళు నిండేదాకా దాని పండు నోట్లో పెట్టుకోకూడదు. తరువాత కాసిన పండును దేవుడి పేరు చెప్పి తినాలి. చెట్టు వయసు లెక్కించేది ఈ పండుగతోనే. నాటిన పండుగతో కలిపి మూడు పండుగలు దాటాలి. నాలుగోదానికి పండు పళ్ళెంలోకి వస్తుంది. మొక్కను తవ్వి వేరేచోట నాటితే లెక్క మళ్ళీ మొదటి నుంచే.

రెండో వేసవిలో ఆయీకి కంటి ఆపరేషన్ చేయించడానికి అందరూ బొంబాయి పోయారు. తాళాలు నాకిచ్చారు.

"చెట్టు పైలం బిడ్డా."

"రోజు నీళ్ళు పోస్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

అదే నెలలో మా బిడ్డకు కాన్పు వచ్చింది. తొమ్మిది రోజులు దవాఖానలోనే ఉన్నాను. చెట్టును మరిచిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. రోజూ మధ్యాహ్నం ఎండ కిటికీ మీద పడగానే గుర్తొచ్చేది. రేపు పోదాం అనుకునేదాన్ని. పదో రోజు పోయేసరికి ఆకులు అప్పడాల్లా ఉన్నాయి. బకెట్ల కొద్దీ నీళ్ళు పోశాను. వారం చూశాను. గోరుతో బెరడు గీస్తే లోపల ఎక్కడా పచ్చ లేదు. పట్టుకుని లాగితే వేళ్ళతో సహా చేతిలోకి వచ్చింది. ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో పెట్టాను. ఆ మంటతో బాలింతకు స్నానానికి నీళ్ళు కాగాయి.

గోదావరి అవతల జైపూర్ దిక్కు ఊళ్ళో మా ఆడబిడ్డ ఇల్లు. అక్కడ స్నానాల బండ పక్కన తనంత తానే మొలిచిన జామ మొక్క ఒకటుంది. అదే ఎత్తు. మా ఆయనను బతిమాలితే మన్నుతో సహా తవ్వి, గోనెలో చుట్టి సైకిల్ మీద తెచ్చాడు.

"ఆమె గుర్తుపడ్తది" అన్నాను.

"చెట్టుకు రేషన్ కార్డు ఉంటదా ఏంది, ఫోటో చూసి గుర్తువట్టనీకి?"

నిజంగానే గుర్తుపట్టలేదు. నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చి, ఆకులను వేళ్ళతో తడిమి, "నేను లేకున్నా మంచిగ పెరిగింది. నీ చేతిల బర్కత్ ఉన్నది" అంది. నేను చీపురు తీసుకుని ముందు వాకిట్లోకి పోయాను. వాకిలి అప్పటికే ఊడ్చి ఉంది. మళ్ళీ ఊడ్చాను.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. రోజూ ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ముందు పెరట్లోకే పోయేదాన్ని. పండుగ పండుగకు ఆయీ ఆ జామ కొమ్మకు చీర పేలిక ఒకటి కట్టి "రెండు", "మూడు" అని లెక్కపెట్టేది. మధ్యలో పూత వస్తే పువ్వులోనే గిల్లేసేది. చెబుదామని ఆమె దగ్గరికి పోవడం, "సబ్బు అయిపోయింది ఆయీ" అని తిరిగి రావడం. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ కొట్టినప్పుడు కిటికీ అద్దాలు అదిరితే ఉలిక్కిపడేదాన్ని. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడది.

ఒకనాడు మా ఆయనను అడిగాను. "తెలువకుంట తింటే ఆమెకు పాపమా, నాకా?"

"జామకాయకు పాపమేందే? ఉప్పుకారం అద్దుకోని తినక!"

ఆయనకు నవ్వులాట. ఆమె తొంభై కట్టడులు పెట్టుకునే మనిషి కాదు, పెట్టుకున్న నాలుగింటిని తప్పే మనిషీ కాదు. ఇన్నేళ్ళూ ఆమె నిలుపుకున్న కట్టడిని నా అబద్ధంతో ఆమెకు తెలియకుండానే తప్పిస్తున్నాను. చెబితే పని పోతుంది, తాళాలు పోతాయి. అంతకంటే, ఆమె రోజూ తడిమి చూసుకునే చెట్టు ఆమెది కాకుండా పోతుంది.

నాలుగో పండుగకు ముందే సారుకు బదిలీ వచ్చింది. వేసవి దాటకుండా పోవాలి. ఈసారి ఆయీ పూత గిల్లలేదు. చిలకలు కొట్టకుండా మూడు కాయలకు గుడ్డలు కట్టింది. "పొయ్యేలోపల తింట" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది.

పండుగ సాయంత్రం ఆడవాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చున్నారు. పళ్ళెంలో మలీద, దాని మీద మూడు జామపండ్లు. ఆయీ కత్తి తీసుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

"ఆయీ, కొయ్యకు."

అందరూ నా వైపు తిరిగారు.

"ఏమైందే?"

"అది నువ్వు నాటిన చెట్టు కాదు. నీదెండిపోయింది. నువ్వు కండ్ల ఆపరేషన్‌కు పోయినప్పుడు. గిది నేను తెచ్చి పెట్టిన."

ఆమె కత్తి కింద పెట్టింది. వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది.

"రెండున్నర ఏండ్లు."

"అవ్."

"నాదేడ పారేసినవ్?"

"పారెయ్యలే. పొయ్యిల పెట్టిన. బాలింతకు నీళ్ళు కాచిన."

వెనకింటామె కల్పించుకుంది. "పోనీ తియ్యి ఆయీ. జామపండు జామపండే. ఎవరు చూస్తున్నరు?"

"ఆమె చూడలేదా?" అని ఆయీ నన్ను చూపించింది. నా వైపు తిరిగి, "పిల్ల మంచిగున్నదా?" అని అడిగింది.

"ఉరుకుతున్నది."

తల ఊపింది. సారు పళ్ళెంలోని పండ్లను చూపిస్తూ మరాఠీలో ఏదో అడిగాడు. ఆయీ నాకూ అర్థం కావాలని తెలుగులో చెప్పింది. "పూడ్చాలె. చెట్టు మీద ఉన్నయి గూడ. ఎవరి నోట్లెకు పోవద్దు."

తరువాత వడ్డించింది. వరసలో నా దగ్గరికి వచ్చింది. నా ముందు విస్తరి వేసింది. మలీద పెట్టకుండా పక్కామె దగ్గరికి పోయింది. నేను ఖాళీ విస్తరి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

"పని ఉన్నట్టా, పోయినట్టా?" అని మా ఆయన అడిగాడు. ఆమె రమ్మనలేదు, రావద్దనలేదు.

తెల్లారి మొదటి ఆటోకే పోయాను. వెనక తలుపు తీసే ఉంది. ఆయీ మెట్టు మీద చాయ్ తాగుతోంది. నేను గడ్డపార తీసుకుని గోడ వార గుంత తవ్వాను. చెట్టు మీదున్న కాయలన్నీ కోశాను, వేలి కొసంత పిందెలు కూడా. నిన్నటి మూడు పండ్లు పళ్ళెంతో సహా మెట్టు మీదే పెట్టి ఉన్నాయి. అవీ తెచ్చి వేశాను.

పక్క క్వార్టర్ పనామె గోడ మీంచి తొంగి చూసింది. "ఏందక్కా, బంగారమసొంటి కాయలు బొంద పెడ్తున్నవ్? రెండు గిటు పడెయ్యరాదు!"

"వయసు రాలేదే."

"నీకా, కాయలకా?"

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. వెనక నుంచి ఆయీ, "ఇంక లోతుకు తవ్వు. పందులు తోడ్తయ్" అంది.

కాయలన్నీ మళ్ళీ పైకి తీసి, మూరెడు లోతు తవ్వి, వేసి, మన్ను కప్పి కాళ్ళతో తొక్కాను. చేతులు కడుక్కుని లోపలికి పోయి అంట్లు ముందేసుకున్నాను.