జడకు పడిన హాజరు

తమిళనాడులో గుడియాత్తం దగ్గర బూట్ల కంపెనీలో నేను కుట్టు మిషను మీద పనిచేసే రోజుల్లో, మొహం చూసి హాజరు వేసే పెట్టె ఒకటి గేటుకు తగిలించారు. "రోజూ చూస్తా చూస్తా అదే నేర్చుకుంటాది" అని మేనేజరు గొప్పగా చెప్పాడు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అది పెట్టిన ఏడాదికి అమ్మకు వేలూరులో పెద్ద ఆపరేషన్ అయింది. ఆమె బతికి ఇంటికొస్తే తలనీలాలు ఇస్తానని తిరుపతి కొండకు మొక్కుకున్నాను. అమ్మ బతికింది. నడుము దాటిన జడ ఇచ్చేసి, గుండుకు గంధం పూసుకుని సంతోషంగా కొండ దిగాను. ఆసుపత్రిలోనే నా సెలవులన్నీ అయిపోయాయి. ఇంకొక్క ఆబ్సెంట్ పడితే పనిలోంచి తీసేస్తామని ముందే చెప్పి ఉన్నారు. అందుకే మరునాడే పనికి పోయాను.

పెట్టె ముందు నిలబడితే ఎర్ర దీపం వెలిగింది. తలమీది కొంగు తీసి నిలబడ్డాను, గంధం తుడుచుకుని నిలబడ్డాను. మళ్లీ ఎరుపే. పచ్చ దీపం వస్తే తప్ప హాజరు పడదు, గేటు తెరుచుకోదు. వెనక వరస పెరిగిపోతోంది. "నువ్వు నాకు తెలీనిదానివా అమ్మా? రమ్మందామంటే గేటు నా చేతిలో లేదు గదా" అన్నాడు ముసలి వాచ్‌మన్.

మేనేజరు వచ్చి, నా గుండు చూసి అరవం కలిపి అరిచాడు. "ఎన్నమ్మా ఇది! మొట్టై కొట్టించుకునే ముందు మాకు చెప్పొద్దా?"

దేవుడికి మొక్కుకోవడానికి ఈ పెట్టెను అడగాలా? "నేనే గదా సార్, మీ ఎదురుగానే నిలబడుండానే" అన్నాను.

"నాకు తెలుసులేమ్మా. సిస్టంకు తెలియాల గదా."

ఏడాదిగా పొద్దున్నే దానికి మొహం చూపిస్తుంటే అది నేర్చుకున్నది ఇంతేనా? తిరుపతికి ఇంత దగ్గర్లో, ఏ వీధిలో చూసినా ఒక గుండు ఎదురయ్యే ఊళ్లో, ఆడవాళ్లు కూడా గుండు చేయించుకుంటారని దానికి నేర్పాలని ఏ మహానుభావుడికీ తోచలేదు. వాళ్లకు తోచనందుకు ఎండలో నిలబడాల్సింది నేను.

నా పక్క మిషను అక్క వరసలోంచి వచ్చి ఫోనులో ఒక ఫోటో తీసింది. వాళ్ల పాప చెవులు కుట్టించినప్పటి ఫోటో అది. అందులో నేను జడ ముందుకు వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని నవ్వుతున్నాను. దాన్ని పెట్టెకు చూపించింది. పచ్చ దీపం వెలిగింది. గేటు తెరుచుకుంది.

అందరూ పగలబడి నవ్వారు. మేనేజరూ నవ్వాడు. "సరి, వెంట్రుకలు పెరిగేదాకా ఆ ఫోటో తెచ్చుకో, పోమ్మా." ఆ ఫోను లాక్కుని పెట్టె మీదికి విసిరేయాలనిపించింది. ఉద్యోగం గుర్తొచ్చి, పళ్లు కొరుక్కుంటూ లోపలికి పోయాను.

సాయంత్రం అమ్మ నా గుండు మీద చెయ్యి వేసి, "నా కోసరం ఇట్లయితివే. ఎవురన్నా ఏమన్నా అన్నారా నాయనా?" అని అడిగింది.

ఆమె ప్రాణానికి బదులుగా కొండమీద ఇచ్చేసి వచ్చిన జడకు ఆ రోజు హాజరు పడిందనీ, నాకు పడలేదనీ ఎట్లా చెప్పను?

"ఎవురూ ఏమీ అనలేదుమా" అన్నాను.