దంపుడన్నం, ఆవకాయ, నా కంటి ఆపరేషన్

నా రెండు కళ్ళకీ శుక్లాలొచ్చాయి. ఆపరేషన్‌కి వెళితే, బీపీ ఇంతుండగా కుదరదని డాక్టర్ తిప్పి పంపేశాడు. ఆ రోజే మా ఆవిడ స్కూటర్ తాళం పట్టుకెళ్ళి బీరువాలో పెట్టేసింది. ముప్పై ఏళ్ళుగా రాజోలుకి సొంత బండి మీద వెళ్ళినవాణ్ణి, కొబ్బరి బస్తాల మధ్య ఇరుక్కుని ఆటోలో వెళ్ళాల్సి వచ్చింది. ఒళ్ళు మండిపోయింది! చూపొస్తేగాని తాళం రాదు, బీపీ తగ్గితేగాని చూపు రాదు.

"మాత్ర మానకండి, ఉప్పు తగ్గించండి, తెల్లన్నం బదులు దంపుడు బియ్యం తినండి," అన్నాడు డాక్టర్. మధ్య మాట నా చెవిన పడి జారిపోయింది.

వరి పండించే ఇళ్ళు మావి. అన్నం మల్లెపువ్వులా లేకపోతే చుట్టాల ముందు తలవంపులే. అందుకే, ఊక తీసి ఆపెయ్యమని, పాలిష్ వద్దని చెప్పేసరికి మిల్లు ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"తవుడు తియ్యొద్దాండీ? మరి మీ గేదెలేం తింటాయండీ?"

"ఇకనుంచి వాటి వాటా నేనే తింటానయ్యా!"

"ఆయ్, అలాగేనండి," అన్నాడు నవ్వు ఆపుకుంటూ.

ఆ అన్నం ఎంత నమిలినా తరగదు. పప్పు పోసినా పట్టదు, పులుసు పోసినా పట్టదు. ఆవకాయ కలిపితే మాత్రం హాయిగా దిగిపోయేది! ఇదివరకు మొదటి నాలుగు ముద్దలకే ఆవకాయ, ఇప్పుడు ప్రతి ముద్దకీ. మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయలు సరేసరి. మంచి బియ్యమే తింటున్నానుగా, ఇంకేం భయమని ధీమా.

నెల తిరిగేసరికి బీపీ ఇంకా పెరిగింది. డాక్టర్ గదిలోనే ఎగిరాను.

"గేదెల మేత తిన్నా తగ్గలేదు. ఇంకేం తినమంటారండీ?"

"ఏడాదికని పెట్టిన ఆవకాయ అప్పుడే సగం ఖాళీ చేసేరండి," అంది మా ఆవిడ చల్లగా.

డాక్టర్ పడీపడీ నవ్వాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ రోజుతో ఆవకాయ బంద్. మా ఆవిడ బియ్యం ముందే నానబెట్టి, నీళ్ళెక్కువ పోసి మెత్తగా వండేది. ఉప్పు తగ్గించిన మునగాకు పప్పులో నిమ్మకాయ పిండేది. మెల్లగా అలవాటైంది. మాత్రలూ మానలేదు. మూడు నెలలకి బీపీ దారికొచ్చింది, ఒక కంటికి ఆపరేషనూ అయింది. డాక్టర్ సరేనన్నాక తాళం ఇస్తానంది మా ఆవిడ.

కట్టు విప్పిన మర్నాడు ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. ఆవిడ కంచం తేటగా కనిపించింది. అదే ముదురు రంగు అన్నం, అదే చప్పిడి పప్పు. ఆవకాయ లేనిదే ముద్దెత్తని మనిషి! పైగా ఆవిడకి బీపీ లేదు, ఏమీ లేదు.

"ఎప్పట్నుంచే ఇది?"

"మీరు మానేసిన రోజునుంచేనండి. మీ ఎదురుగా నేనొక్కదాన్నీ ఆవకాయ కలుపుకుంటే మీకు ముద్ద దిగుద్దా?"

ఇన్నాళ్ళూ ఎదురెదురుగానే కూర్చుని తిన్నాం. నా కంచంలో ఏం లేదో రోజూ సణిగాను. ఆవిడ కంచంలో ఏముందో ఒక్కరోజు కూడా అడగలేదు. అడగడానికి కళ్ళతో పనేముంది? చాలా సిగ్గేసింది.