నాయన చూడని ఆట

మా అపార్టుమెంటు కింద ఖాళీ జాగాలో మొన్న పిల్లలకు ఆటల పోటీలని వాచ్‌మన్ నేలమీద నీళ్ళు చల్లి, తడి ఆరకముందే సున్నంతో గీతలు గీస్తుంటే, ఆ తడిమన్నూ సున్నమూ కలిసిన వాసన రెండో అంతస్తులో నా కిటికీ దాకా వచ్చింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నదాన్ని అలాగే కూర్చుండిపోయాను. చిన్నతనం గుర్తుకు రావడానికి కొందరికి సున్నుండల వాసన కావాలి, కొందరికి సాంబ్రాణి పొగ కావాలి. నాకు మాత్రం సున్నం గీతల వాసన తగిలితే చాలు, పావడ అంచు నడుంలో దోపుకుని నిలబడ్డ మా సరోజక్క కళ్ళముందుకు వచ్చేస్తుంది.

మద్రాసులో ట్రాములు ఇంకా తిరుగుతున్న రోజులవి. చింతాద్రిపేటలో, కూవం ఏటి మురుగు గాలి ఇటు తిరిగితే కిటికీ రెక్కలు మూసుకోవలసినంత దగ్గరలో మా ఇల్లు. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం, నాయనకు నూలు కొట్టు. ఇల్లు పొడుగ్గా, సన్నగా ఉండేది. వీధివైపు అరుగు, వెనకవైపు పెరడు, మధ్యలో పట్టపగలు కూడా దీపం అడిగే రెండు గదులు. అరుగు మగవాళ్ళది, పెరడు మాది. నూలు బేరానికి వచ్చినవాళ్ళు అరుగుమీద కూర్చుని వక్కాకు నములుతున్నంత సేపూ మేము బడికైనా గుడికైనా పెరటి సందులోంచే పోవాలి. ఆడపిల్లల చెప్పులకు ముందుగుమ్మం అంటే ఏమిటో తెలియని ఇల్లది. నాయన తల్లి, మా అవ్వ, పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ వీధిలోనే ఉండి కూడా ఎదురింటి గోడ ఏ రంగో అడిగితే చెప్పలేకపోయేది. ఆమె ఎప్పుడూ అటు చూడలేదు, చూడకపోవడమే తన గొప్ప అనుకునేది. "తల దించుకోని పోమ్మే, ఆడ మొగోళ్ళు కూసోనుండారు" అని మాకు రోజూ చెప్పే మాటే తప్ప, ఆ కూర్చున్నవాళ్ళను తల తిప్పుకోమని చెప్పొచ్చన్న సంగతి ఆమెకు తోచనే లేదు.

అయినా ఆ పెరట్లో మాకు లోటు తెలిసేది కాదు. ఎండాకాలం వస్తే తాటిముంజలు వేలితో పొడిచి నీళ్ళు పీల్చుకుని, మిగిలిన బుర్రలతో బండ్లు చేసుకునేవాళ్ళం. అమ్మ మిద్దెమీద వడియాలు పెడితే కాకులకు కాపలా అన్న వంకతో పచ్చిపిండి సగం తినేసేవాళ్ళం. దసరాకు బొమ్మల కొలువు పెట్టినప్పుడు పేరంటం పిలవడానికి ఇల్లిల్లూ తిరిగే పని అక్కదీ నాదీ. పట్టు పావడలు గరగరలాడించుకుంటూ, ప్రతి ఇంట్లోనూ పాడిన పాటే పాడి, ఆకులో పెట్టిచ్చిన సెనగ గుగ్గిళ్ళు, పెసల గుగ్గిళ్ళు, బొబ్బర గుగ్గిళ్ళు ఒళ్ళో పోసుకుని వచ్చేవాళ్ళం. ఏడాది మొత్తంలో మేము ముందుగుమ్మం లోంచి తలెత్తుకుని బయటికి నడిచే రోజులు ఆ తొమ్మిదే.

రింగాట మా ఇంటికి తెచ్చినవాడు నాయనే. రబ్బరు వలయాన్ని మధ్యలో కట్టిన తాడు మీదుగా అవతలికి విసరాలి, అవతలివాళ్ళు కిందపడకుండా ఒంటిచేత్తో పట్టుకుని తిరిగి విసరాలి, అంతే ఆట. అక్క బడిలో అది నేర్చుకుని వచ్చి మారాం చేస్తే, మూర్‌మార్కెట్టుకు పోయి ఎర్ర వలయం కొనుక్కొచ్చాడు. అమ్మ బట్టలారేసే తాడే మాకు హద్దు. సాయంత్రం కొట్టు కట్టి వచ్చాక నాయన తిరగలి పక్కన పీట వేసుకుని కూర్చుని, చొక్కా విప్పి విసురుకుంటూ తీర్పులు చెప్పేవాడు. అక్క గాల్లోకి ఎగిరి ఎడమచేత్తో అందుకుంటే, "అబ్బ, ఏం పట్టు పట్టినావు తల్లీ!" అని తొడ చరుచుకునేవాడు. నా వైపు తిరిగి, "నీకు గుగ్గిళ్ళు పట్టుకోను తప్ప ఏమొస్తుందే" అని ఏడిపించేవాడు. మా నాయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

అక్కకు పదమూడో ఏడు నడుస్తుండగా బళ్ళ మధ్య పోటీల్లో ఆఖరి ఆట దాకా వచ్చింది. మా బడికి ఆటస్థలం లేదు కాబట్టి ఆ ఆట కార్పొరేషన్ పార్కులో పెట్టారు. గెలిస్తే బడి తరఫున వేరే ఊళ్ళకు పోయి ఆడొచ్చునని డ్రిల్లు టీచరమ్మ చెప్పిందట, అక్క వారం రోజులు ఆ మాటే కలవరించింది. "నువ్వు రావాల నాయినా, నువ్వు చూడాల" అని చొక్కా పట్టుకుని వేలాడింది. దసరా వెళ్ళి ఇంకా వానలు పట్టని సాయంత్రం, నాయన కొట్టు పెందలాడే కట్టేసి, మడత నలగని తెల్ల తుండు భుజాన వేసుకుని, మా కోసం పకోడీ పొట్లం కూడా పట్టుకుని వచ్చాడు.

పార్కుకు నడుమెత్తు గోడ. ఆడపిల్లలు ఆడుతున్నారని తెలిసి దారినపోయేవాళ్ళు ఆగారు, సైకిళ్ళు గోడకు ఆనించి కొందరు పైకెక్కి కూర్చున్నారు. ఎవడో ఈల వేశాడు. ఇంకెవడో అరవంలో ఏదో అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అక్క మాత్రం ఆడుతూనే ఉంది, పెరట్లో కన్నా బాగా ఆడుతోంది. నేను సంతోషం పట్టలేక నాయన మొహంలోకి చూశాను. ఆయన గీతలవైపు చూడటమే లేదు. గోడమీది ఒక్కొక్కడి చూపు ఎటు పోతే దాని వెంటే ఆయన చూపూ పోయి, అక్క పిక్కలమీదా, ఎగిరినప్పుడు పైకి జరిగిన రవికమీదా ఆగి, మళ్ళీ గోడమీదికే వెళుతోంది. అంతవరకూ కూతురిని తన కళ్ళతో చూసుకున్న మనిషి, ఆ కాస్సేపట్లో వాళ్ళ కళ్ళతో చూడటం మొదలుపెట్టాడు. ఆ సంగతి పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.

పకోడీ పొట్లం నా చేతిలో పెట్టి, సున్నం గీతలు తొక్కుకుంటూ నేరుగా ఆట మధ్యలోకి నడిచాడు. భుజం మీది తుండు తీసి అక్క చుట్టూ కప్పాడు. అవతలి పిల్ల విసిరిన వలయం వచ్చి వాళ్ళ కాళ్ళ దగ్గర పడింది.

"పదమ్మే, ఇంటికి."

"గెలస్తా ఉండాను నాయినా..."

"చాల్లే. పద."

గోడమీది వాళ్ళను ఆయన ఒక్క మాట అనలేదు.

మర్నాడు డ్రిల్లు టీచరమ్మ ఇంటికి వచ్చింది. పాపం, ఆమెను అరుగుమీద కూర్చోబెట్టడమా లోపలికి పిలవడమా తెలియక అమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. నాయన మర్యాదగానే మాట్లాడాడు. "మీ ఆటను తప్పు అన్లేదమ్మా. ఊళ్ళో వాళ్ళ కండ్లకు నేను తలుపెయ్యలేను గదా. నా ఇంటికేసుకుంటా." ఆమె బతిమాలింది. లోపలి గదిలో అక్క గోడకు ఆనుకుని ప్రతి మాటా వింటోంది. చివరికి ఆమె మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆ ఏడాదితో అక్క చదువు ఆగిపోయింది. ఏ వస్తువునూ పారెయ్యడం చేతకాని మా అమ్మ ఆ ఎర్ర వలయాన్ని వంటింట్లో మంచినీళ్ళ బిందె కింద కుదురుగా పెట్టింది. బిందె కదలకుండా భలే కూర్చుందని మురిసిపోయింది కూడా. అక్క రోజూ వంగి అందులోంచే నీళ్ళు ముంచుకునేది. మరుసటి దసరాకు పేరంటం పిలుపులకు నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ మరుసటి ఏడు ఊళ్ళోనే తొండియార్‌పేట సంబంధం కుదిరి అక్క వెళ్ళిపోయింది. పెళ్ళిచూపుల నాడు వచ్చినవాళ్ళు నడవమంటే నడిచింది, పాడమంటే పాడింది. అప్పుడు అరుగు నిండా మగవాళ్ళే ఉన్నారు, నాయనే దగ్గరుండి చూపించాడు. నాకు ఇప్పటికీ ఆ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేదు, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నాయన పోయాడు, అవ్వా అమ్మా పోయారు. మా ఇంటి అరుగును రోడ్డు మింగేసింది, పెరడున్న చోట ఇప్పుడు ఎవరివో మోటారు విడిభాగాల గోడౌన్లు. పార్కు ఉంది గానీ గోడ తీసేసి ఇనుప కంచె వేశారు. ఆ సాయంత్రం గురించి అక్కా నేనూ ఇన్నేళ్ళలో ఎన్నడూ మాట్లాడుకోలేదు. సున్నం వాసన మనసులో పెట్టుకుని పోయిన ఆదివారం తొండియార్‌పేట వెళ్ళి, మనవళ్ళు బయటికి పోయాక అడిగేశాను.

"అక్కా, ఆ పొద్దు గోడమీద అంతమంది ఉంటే నీకు భయమెయ్యలేదా?"

అక్క నా వైపు తిరిగింది.

"ఉండారని నాకెట్ట తెలుస్తుందే? నాకు ఆడ రింగు కనపడింది, తాడు కనపడింది, ఆ పిల్ల చేతులు కనపడినాయి. అంతే. నాయన తుండు కప్పినాక గదా తలెత్తి చూసింది. అయ్యో, ఎంతమందో!" అంది. "ఆ పొద్దుటి నించి యాడికి పోయినా ముందు వాళ్ళే కనపడతా ఉండారు చిట్టీ."

అంటూనే కొంగు భుజం నిండా లాక్కుంది. గదిలో ఉన్నది మేమిద్దరమే.