పందొమ్మిది రంగుల గోడ

"...రంగనేది ఇంటి ముందు నిలబడి చూస్తారు గానీ, పొలిమేర దాకా పోయి చూస్తారా ఎక్కడన్నా?" సుబ్బరత్నం మాట పూర్తి కాకముందే బసవపున్నయ్య చెప్పులేసుకున్నాడు.

"దగ్గర్నించి గోడ కనపడుద్ది రత్నం. ఇల్లు కనపడాలంటే దూరం పోవాల," అంటూ కల్వర్టు వైపు నడిచాడు.

దేన్నయినా దూరం నుంచి చూస్తే తప్ప ఒప్పుకోకపోవడం ఆయన గుణం. గేదెను కొనాలంటే సంత అవతలి గట్టెక్కి బేరమాడతాడు. అల్లుడు పెళ్లిచూపులకొచ్చిన రోజు, జూలూరుపాడు బస్టాండులో టీకొట్టు చాటున నిలబడి అతను బస్సు దిగడం చూసొచ్చాడు. "నడక బాగుంది, ఖాయం చేసుకోండి," అన్నాడు. ముప్పయ్యేళ్లుగా సుబ్బరత్నం కొత్త చీరలన్నీ వీధి చివర నుంచి పాసయినవే.

ఇప్పుడు అడివి అంచున, రోడ్డు మీద కొత్త ఇల్లు. ముందు గోడ మీద ఆయన వేయించి చూసిన పందొమ్మిది రంగుల పట్టీలు. బస్సు కండక్టరు "పెయింటు షాపోళ్లు దిగండి" అని అరవడం మొదలుపెట్టాడు. స్తంభాలకు టైల్స్ తెస్తే, ఒకటి ఆనించి కల్వర్టు దాకా పోయొచ్చి, "మెరుపెక్కువైంది. ఎదురొచ్చేవాళ్లకి కళ్లు చెదురుతయ్," అని తిప్పి పంపాడు.

"పెద్దయ్యా, షేడ్ కార్డు అయిపోవట్టె. ఇగ రంగులేడికెల్లి తేవాలె?" అన్నాడు పెయింటర్ జైరాం.

"రెండు కలిపి చూడు."

గృహప్రవేశానికి ఇంకా ఎనిమిది రోజులు. ఖమ్మంలో తమ్ముడింటికి వేసినట్టే మీగడ రంగు వేయించాలని సుబ్బరత్నం పట్టు. చుట్టాలంతా వస్తారు, నవ్వకూడదు. ఆ సాయంత్రం మీగడ రంగు డబ్బా మూత తీయమని జైరాంకు చెప్పి, మొగుడితో అటో ఇటో తేల్చుకుందామని కల్వర్టు దగ్గరకు పోయింది.

ఆయన ఒక్కడే లేడు. పక్కన నెత్తిన కట్టెలమోపుతో తండా ముసలమ్మ హేమ్లి. కళ్లకు పొరలొచ్చినా, కత్తి పెడతారని దవాఖానా గడప తొక్కని మనిషి. పోయిన వానాకాలం తండా మలుపు కనపడక దాటిపోయి, ఎవరిదో పత్తిచేలో తెల్లవార్లూ తడిసింది.

"ఇంటి మీద మధ్యలో తెల్లటిది ఉంది, చూడు," అంటున్నాడు బసవపున్నయ్య.

"యాడుంది? మబ్బుల కలిసిపోయింది."

"దాని పక్కది? పొద్దున్నే కలిపించా."

హేమ్లి మోపు సర్దుకుని మెడ చాచింది. "గదా? మోదుగు పూసినట్టుంది. ఆడనే గదా, మా తండాకు మలుపు."

"అవ్. అక్కడే తిరగాల."

అప్పుడు చూశాడు భార్యను. దొరికిపోయిన దొంగలా నవ్వి, "ఊరికే, దూరం నుంచి ఎట్టుంటదోనని..." అన్నాడు.

సుబ్బరత్నం కొంగు బిగించి వెనక్కి వచ్చింది. జైరాం మీగడ రంగులో బ్రష్షు ముంచబోతున్నాడు.

"ఆపు. మూత పెట్టెయ్."

"మరి ఏ రంగమ్మా?"

"ఆ మోదుగు రంగు. ముందు గోడ, పక్క గోడ, పైన పిట్టగోడ, మొత్తం అదే. నవ్వేవాళ్లని నా దగ్గరికి పంపు."