అరవై నాలుగో గొర్రె

జడ్చర్లలో డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. కంప్యూటర్ తప్పు చేసిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు రాసిందే అది చేసింది, ముందు నీ కోడ్ చూసుకో అంటాను. అలాంటిదాన్ని, దయ్యాలూ ఆత్మలూ అంటే లేచి వెళ్ళిపోయే రకం. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఒక్కరికి తప్ప బయట ఎవరికీ చెప్పలేదు.

మాది మోత్కూర్ దగ్గర పల్లె. గొర్రెలే మా బతుకు. బాపు ఎప్పుడూ మందను అంకెల్లో లెక్కపెట్టలేదు, పేర్లతోనే చూసుకునేవాడు. టీకాల కోసం జాబితా చేద్దామంటే, పొద్దున దొడ్లోంచి బయటికొచ్చే వరుసలో పేర్లు చెబుతూ పోయాడు, నేను టైపు చేశాను. నల్లచెవులది, కుంటిది, చివర చుక్కమూతిది. అరవై మూడు పేర్లు. ఆ ఫైల్ చదివి జాబితా ముద్రించే చిన్న ప్రోగ్రాం కూడా రాసిపెట్టాను.

నాలుగు నెలలకు బాపు పోయాడు. మంద అమ్మ మీద పడింది.

ఆ ఏడే పక్క ఊళ్ళో గొర్రెలు రోగంతో వరసగా చచ్చిపోయాయి. మా ఊరికి పశువుల డాక్టరు వస్తున్నారని తెలిసి సెలవు పెట్టి వెళ్ళాను. ఒక్కదానికి టీకా తప్పినా రోగం మందలోకి వస్తుందని అమ్మకు ఒకటే భయం. పొద్దున్నే జాబితా ముద్రించాను. అరవై నాలుగు వరుసలు వచ్చాయి.

నాకు నవ్వొచ్చింది. ఇది పిల్లలందరూ చేసే తప్పే. ఫైల్ అయిపోయిందా లేదా అన్నది సరైన చోట చూడకపోతే చివరి పేరు రెండుసార్లు వస్తుంది. తొందరలో రాసిన ప్రోగ్రాం కదా, నేనూ అదే చేసి ఉంటాను. చుక్కమూతిది రెండుసార్లు ఉంటుందనుకుని కిందికి చూశాను.

చుక్కమూతిది ఒక్కసారే ఉంది. దాని కింద ‘బంగారి’ అని ఉంది.

బంగారి నా ముద్దు పేరు. బాపు తప్ప ఎవరూ నన్ను అలా పిలవరు. ఫైల్ తెరిచి వెతికాను, ఆ పేరు లేదు. కనపడని అక్షరాలేమైనా ఉన్నాయేమోనని అక్షరం అక్షరం చూశాను. ఏమీ లేవు.

దొడ్డి దగ్గరున్న అమ్మకు కాగితం చదివి వినిపించాను. అమ్మ చేతిలోని తడక వదిలేసి కూర్చుంది.

“గది దేవుని గొర్రె బిడ్డా. నువ్వు దవాఖానల ఉన్నప్పుడు నీ పానం కోసం మీ బాపు దేవునికి విడిచిండు. నీ పేరే పెట్టి పిలుస్తుండె. నీకు చెప్పద్దన్నడు.”

దేవునికి విడిచినదాన్ని మా ఇంట్లో అమ్మరు, కోయరు, మంద లెక్కలో కలపరు. అందుకే బాపు ఆ పేరు చెప్పలేదు. అమ్మ కూడా టీకాల లెక్కలో కలపకుండా ఆ పొద్దున దాన్ని విడిగా చింత చెట్టుకు కట్టేసింది.

“మందల అన్నిటి ఎనక వస్తది గది,” అంది అమ్మ. నేను వెళ్ళి దాన్ని విప్పుకొచ్చాను. అది నా చెయ్యి నాకింది. నేను అక్కడే ఏడ్చాను. దానికీ టీకా వేయించాం.

ఇరవై రోజులకు రోగం మా ఊరికీ వచ్చింది. మా దొడ్లో ఒక్కటీ పోలేదు.

తర్వాత అదే ఫైల్, అదే ప్రోగ్రాం ఎన్నోసార్లు నడిపాను. ప్రతిసారీ చుక్కమూతిదే రెండుసార్లు వచ్చింది, రావలసినట్టే. బంగారి మళ్ళీ రాలేదు. ఆ కాగితం మాత్రం నా దగ్గరుంది. చూపించిన ఒకే ఒక్క తోటి లెక్చరర్, నువ్వే ఎప్పుడో టైపు చేసి మరిచిపోయి ఉంటావన్నాడు. ఆ గొర్రె ఉందనే నాకు తెలియదు, ఎలా టైపు చేస్తాను?

తప్పు దొరికితే వెంటనే దిద్దాలని రోజూ పిల్లలకు చెబుతాను. ఆ ఒక్క ప్రోగ్రాంలో తప్పును మాత్రం ఇప్పటికీ దిద్దలేదు. టీకాల రోజు వచ్చినప్పుడల్లా జాబితా ముద్రించి, ముందు ఆఖరి వరుసే చూస్తాను.